రాహేలు విప్పిన కుట్లు

తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగి లాలాపేట వైపు నడిస్తే రెండో సందులో ఒక సీటు కవర్ల షాపు ఉంది. షట్టరు ఎత్తగానే కనిపించేవి ఒక పాత నల్ల కుట్టుమిషను, దాని వెనక కళ్లద్దాలు ముక్కు చివరికి జారిన రాహేలు. వయసు నలభై ఏడు. పెదవుల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులుంటాయి. ఎవరైనా పలకరిస్తే ఆ సూదులు తీయకుండానే జవాబు చెబుతుంది. అలవాటున్నవాళ్లకు అర్థమవుతుంది, లేనివాళ్లు ఇంకోసారి అడుగుతారు.

ఆమె తండ్రి సామేలు రేపల్లె దగ్గరి ఊరినుంచి వచ్చి సీతాఫల్‌మండిలో ఒక మిషన్ బడిలో పంతులుగా కుదురుకున్నాడు. తల్లి చర్చిలో పాటలు పాడే కొయిర్‌కు తెల్లగౌన్లు కుట్టేది. రాహేలు పన్నెండేళ్లకే మిషను ఎక్కింది. పెళ్లయ్యాక భర్త స్టీఫెన్ స్కూటర్ సీటు చిరిగితే సరదాగా ఒక కవరు కుట్టి తొడిగింది. అది చూసి పక్కింటాయన తన స్కూటర్ తెచ్చాడు, ఆయన్ని చూసి ఇంకొకరు కారు తెచ్చారు. పదేళ్లు తిరిగేసరికి హబ్సిగూడ నుంచి, రామంతాపూర్ నుంచి కూడా కార్లు వచ్చి ఆ సందులో ఆగేవి. గుడ్డ చిరగాలే గాని రాహేలు కుట్టు విడిపోదని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఐదేళ్ల కిందట ఒక ఫిబ్రవరి సాయంత్రం ఆ పేరే ఆమెను చిక్కులో పడేసింది.

వెంకటకృష్ణ అనే పెద్దమనిషి ముదురెరుపు రంగు చిన్న కారుకు కొత్త కవర్లు వేయించుకుని, వెళ్లబోతూ ఎడమవైపు ముందు సీటు బెల్టు చూపించాడు. తలుపులో పదేపదే నలిగి జానెడు మేర అంచు పీలికలైపోయింది.

"ఇది మా ఆవిడ కూర్చునే సీటండీ. దీన్ని కూడా కాస్త కుట్టి పెడతారా?"

"దానికేం భాగ్యం సార్," అంది రాహేలు. పాడైన ముక్క కత్తిరించి తీసేసి, రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి ఎక్కించి, లావు నైలాన్ దారంతో నాలుగు వరసలు వేసింది. మధ్యలో అడ్డంగా ఇంకో రెండు. ఆయన పట్టుకుని గుంజి చూశాడు.

"కొత్తదానికంటే గట్టిగా ఉందే," అన్నాడు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి ఏసురత్నం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన సామేలుకు స్నేహితుడు. ముప్పై ఏళ్లు రకరకాల గ్యారేజీల్లో పనిచేసి, ఇప్పుడు వెనక సందులో సొంతంగా చిన్న షెడ్డు నడుపుతున్నాడు. రాహేలుకు బాబాయి వరస. ఆమె టీ పోస్తూ నిన్నటి బెల్టు సంగతి గొప్పగా చెప్పింది. ఏసురత్నం కప్పు నోటిదాకా తీసుకెళ్లి, తాగకుండా కింద పెట్టేశాడు.

"బెల్టు తెంచి కుట్టావా అమ్మాయ్?"

"ఆరు వరసలు బాబాయ్. ఏనుగు లాగినా రాదు."

ఆయన లేచి, "నాతో రా," అని ముందు నడిచాడు.

షెడ్డులో ఒక మూల పాత కార్లనుంచి ఊడదీసిన సామాను ఉంది. అందులోంచి బెల్టు చుట్టుకుని ఉండే రీలు ఒకటి తీసి గోడకున్న బిగింపులో నిటారుగా పెట్టాడు.

"మెల్లగా లాగు."

లాగింది. పట్టీ మెత్తగా బయటికొచ్చింది. వదిలితే లోపలి స్ప్రింగు దాన్ని మళ్లీ చుట్టేసుకుంది.

"ఇప్పుడు గుంజు."

గుంజింది. టక్కున ఆగిపోయింది, ఇక అంగుళం కూడా రాలేదు. ఆయన రీలును బిగింపులోంచి తీసి పక్కకు వంచి పట్టుకుని మెల్లగా లాగమన్నాడు. అప్పుడూ రాలేదు.

"లోపల చిన్న గిన్నెలో ఉక్కు గోలీ ఉంటుంది. కారు గట్టిగా బ్రేకేసినా, పల్టీ కొట్టినా ఆ గోలీ దొర్లి ఒక చిన్న కొక్కేన్ని పైకి తోస్తుంది. ఆ కొక్కెం పళ్లచక్రంలో పడి రీలు బిగుసుకుపోతుంది. మనిషి ముందుకు విసురుగా తూలి పట్టీని గుంజితే పట్టుకోవడానికి ఇంకో ఏర్పాటుంది. స్ప్రింగు పని వదులు లేకుండా చుట్టుకోవడం వరకే. ఇదంతా రెప్పపాటు కూడా పట్టదు. ఆ తర్వాత మనిషి బరువు ఎన్నోరెట్లయి ఈ రెండంగుళాల పట్టీ మీద పడుతుంది."

"కంపెనీవాళ్లు కూడా కొసల్లో కుట్లే వేస్తారుగా బాబాయ్? నేను చూశాను."

"వేస్తారు. వాళ్ల దారం వేరు, మిషను వేరు. వేశాక తెగేదాకా లాగి చూసుకుంటారు. నీ కుట్టును ఎవరు లాగి చూశారు?"

ఆయన పాడుబడిన కారు ముందు భాగానికి ఒక మంచి బెల్టు ముక్క తగిలించి, ఇంజన్లు ఎత్తే చెయిన్ బ్లాకుతో పైకి లాగాడు. ముందు చక్రాలు రెండూ నేల వదిలాయి. బెల్టు తీగలా బిగిసింది గాని చెక్కుచెదరలేదు. తర్వాత అలాంటిదే ఇంకో ముక్క మధ్యకు కత్తిరించి ఆమె చేతికిచ్చాడు. రాహేలు షాపుకు పోయి నిన్నటిలాగే ఆరు వరసలు కుట్టి తెచ్చింది. నిజానికి నిన్నటికంటే శ్రద్ధగానే కుట్టింది.

ఇద్దరూ దూరంగా నిలబడ్డారు. ఏసురత్నం చెయిను లాగాడు. కారు ముక్కు కాస్త పైకి లేచిందో లేదో టపటపమని చప్పుడైంది. ఒక వరస, దానివెనక ఇంకోటి, దారాలు తెగిపోయి కారు ధబ్బున కిందపడింది. దుమ్ము లేచింది. రాహేలు ఆ ముక్క తీసి చూసుకుంది. సూది దిగిన ప్రతిచోటా నేత పోగులు చిట్లి ఉన్నాయి.

"నీ కుట్టులో లోపం లేదమ్మా," అన్నాడు ఏసురత్నం మెత్తగా. "అది ఉండకూడని చోట ఉంది, అంతే."

రాహేలు పెదవుల మధ్యనుంచి సూదులు తీసి కొంగుకు గుచ్చుకుంది.

"ఆ బెల్టు వెనక్కి తీసుకోవాలి బాబాయ్. ఇప్పుడే."

కానీ ఎక్కడని? వచ్చినవాళ్ల ఫోన్ నంబరు రాసుకునే అలవాటు ఆమెకు అప్పట్లో లేదు. కారు గుర్తుంది. అద్దం మీద యూనివర్సిటీ గేటు స్టిక్కర్ గుర్తుంది. ఇంకొకటి కూడా. కవర్లు తొడిగేటప్పుడు వెనక సీటు మీద పాత పేపర్ల కట్టలున్నాయి. వాటి మడతల్లో ఎండుటాకులు, వేళ్లతో సహా పీకిన గడ్డి మొక్కలు. చెత్త అనుకుని పారేయబోతే వెంకటకృష్ణ కంగారుపడి వాటిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

కత్తెర, సూది, దారం సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. పది దాటేసరికి క్యాంపస్‌లో ఉంది. లైబ్రరీ ముందు ముదురెరుపు కార్లు నాలుగు కనిపించాయి. ఒక్కోదాని అద్దానికి ముఖం ఆనించి లోపలి కవర్లు చూస్తుంటే ఒకాయన వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"నా కుట్టు కోసం సార్," అంది రాహేలు. ఆయనకేమీ అర్థం కాలేదు. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుంటూ తర్వాతి కారుకు వెళ్లిపోయింది.

ఎండ ముదిరింది. చెట్ల కింద నడుస్తూ, కనిపించిన ప్రతి పార్కింగూ చూస్తూ రెండో గేటు దాకా వచ్చింది. అక్కడ సెక్యూరిటీ డ్యూటీలో సారలమ్మ అనే ఆమె కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. రాహేలు ముఖం చూసి ముందు నీళ్ల సీసా అందించింది.

"గింత ఎండల ఏడికి పోతున్నవక్కా?"

రాహేలు కారు సంగతి, ఎండుటాకుల సంగతి చెప్పింది.

"అగో, గడ్డి జమచేసే మేడమ్. అరుంధతి మేడమ్. బాటనీ బిల్డింగ్ గాడనే ఉన్నది, సీదా పోయి ఎడమకు తిరుగు. మంచిగ జల్ది పో. ఇయ్యాల అడవికి పోతదట, పొద్దుగాల్నుంచి సామాన్ ఎక్కిస్తున్నరు."

రాహేలు చెప్పుల టపటపలు ఆ రోడ్డంతా వినిపించాయి. నలభై దాటాక ఆమె పరుగెత్తడం అదే మొదటిసారి. మలుపు తిరిగేసరికి ముదురెరుపు కారు అప్పుడే కదులుతోంది. స్టీరింగు దగ్గర ఒక అమ్మాయి, ఎడమ సీట్లో నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ. ఆవిడ భుజం మీదుగా రాహేలు ఆరు వరసలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రాహేలు రెండు చేతులూ పైకెత్తి కారుకు అడ్డంగా నిలబడింది.

కారు ఆగింది. అరుంధతి కిటికీ అద్దం దించింది.

"మేడమ్, దిగండి. ఆ బెల్టు కుట్టింది నేనే. అది పనికిరాదు."

"నిన్ననే కదమ్మా మావారు తెగ మెచ్చుకున్నారు. చాలా బాగా కుట్టారని."

"బాగా కుట్టాను మేడమ్. అందుకే భయం. చూడ్డానికి బాగుంది కాబట్టి మీరు నమ్మేస్తారు."

అరుంధతి బెల్టు విప్పుకుని కారు దిగింది. రాహేలు ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా షెడ్డులో చూసిందంతా చెప్పింది. గోలీ, కొక్కెం, చెయిన్ బ్లాకు, తెగిన దారాలు. చెబుతూనే సంచిలోంచి కత్తెర తీసి, తన కుట్టు మీదుగా కసుక్కున బెల్టు కోసేసింది. స్టీరింగు దగ్గరున్న కౌముది, అంటే అరుంధతి దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, నోరు తెరిచి చూసింది.

"ఇప్పుడిక మొహమాటానికి కూడా ఎవరూ ఇందులో కూర్చోరు," అంది రాహేలు. "మీరు వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోండి మేడమ్."

అరుంధతి వెనక కూర్చుంది. బెల్టు లాగింది. దాన్ని దేనికి తగిలించాలో తెలియక సీటు మీద చెయ్యి పెట్టి తడిమింది.

"లాక్ ఏది?"

కౌముది దిగొచ్చి వెతికింది. లేదు. రాహేలు ముఖం కందిపోయింది. లాక్ తన కొత్త కవరు కిందే ఉంది. నిన్న బిగుతుగా లాగి, అందంగా తొడిగి, మూడు లాకులూ లోపల పూడ్చేసింది.

"అదీ నేనే మేడమ్," అంది నేల చూస్తూ.

అరుంధతి ముందు పెదవులు బిగబట్టుకుంది, తర్వాత ఆగలేక పకపకా నవ్వింది. కళ్లెంట నీళ్లొచ్చేదాకా నవ్వింది. కౌముది నవ్వింది. చివరికి రాహేలుకూ నవ్వొచ్చింది. సీటు మీద మోకాళ్లేసి కూర్చుని మూడుచోట్ల కవరు కోసి, అంచులు మడిచి చేత్తో కుట్టి, మూడు లాకులూ బయటికి తీసింది. ఆ అరగంటా అరుంధతి పక్కనే నిలబడి గొడుగు పట్టింది.

"వెనక బెల్టు నేనెప్పుడూ పెట్టుకోలేదు," అంది అరుంధతి, లాక్ టిక్కుమన్నాక. "ఇంతకాలం వెనక కూర్చుంటే ఏమీ కాదనుకున్నాను."

"నేనూ అదే అనుకునేదాన్ని మేడమ్. ఇవాళ పొద్దుటి దాకా."

ఆ శనివారం కొత్త బెల్టు వచ్చింది. ఏసురత్నం షెడ్డులో బిగిస్తుంటే రాహేలు పక్కన కూర్చుని ప్రతీదీ అడిగింది. ఆయన ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, టీ తాగొద్దాం పదమన్నాడు.

"పని వదిలేసి టీ ఏంటి బాబాయ్?"

"ఈ రీలు పక్కన చిన్న మందు గొట్టం ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో అది పేలి బెల్టును వెనక్కి లాగి బిగిస్తుంది. కరెంటు పూర్తిగా దిగిపోయేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఒకసారి పేలిందంటే మొత్తం మార్చడమే, బాగుచెయ్యడం లేదు."

టీ అయ్యాక పాతది తీసి కొత్తది పెట్టాడు. పట్టీ మెలిక పడకుండా భుజం పక్కన పైనున్న కొక్కెంలోంచి రాహేలే దూర్చింది. బోల్టు బిగించే పానా కంపెనీ చెప్పినంత బిగువు రాగానే టక్కుమంది. ఇంకో చుట్టు తిప్పబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎక్కువ బిగించినా తప్పేనట.

తర్వాత అరుంధతి, కౌముది, రాహేలు క్యాంపస్‌లో మనిషి జాడలేని ఒక రోడ్డు మీదికి వెళ్లారు. కొత్త బెల్టు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది రాహేలే. వెనకా ముందూ ఎవరూ లేరని చూసుకుని, కౌముది నెమ్మదిగా పోతూ ఒక్కసారి బ్రేకు తొక్కింది. ముందుకు తూలిన రాహేలును ఎవరో భుజం మీద చెయ్యేసి ఆపినట్టయింది. ఆమె ఒక క్షణం బిత్తరపోయి, తర్వాత చిన్నపిల్లలా నవ్వింది.

"ఇంకోసారి," అంది.

నాలుగుసార్లు తొక్కించుకుంది.

ఆ తర్వాత రెండేళ్లు మధ్యాహ్నాలన్నీ ఏసురత్నం షెడ్డులోనే గడిచాయి. బెల్టు మెల్లగా చుట్టుకుంటుంటే స్ప్రింగు పోయిందనుకోకూడదని, ముందు పైకొక్కెంలో పేరుకున్న జిడ్డు తుడవాలని తెలుసుకుంది. మురికి పట్టీని పూర్తిగా బయటికి లాగి, లోపలికి పోకుండా క్లిప్పు పెట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. బ్లీచింగు తగలకూడదు, రంగు వేయకూడదు, తడిది చుట్టనివ్వకూడదు. రీలు మూత మాత్రం విప్పకూడదు. లోపలి స్ప్రింగు ఒకసారి ఎగిరి బయటపడితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. ప్రమాదం చూసిన బెల్టును బాగున్నట్టు కనిపించినా మార్చాల్సిందే. అలాంటివాటిని ఇంకెవరూ వాడకుండా ఆమె అక్కడికక్కడే ముక్కలు చేస్తుంది.

షాపు బోర్డు కూడా మారింది. కొత్త బోర్డు రాసింది స్టీఫెన్. "సీటు కవర్లు, సీటు బెల్టు సర్వీసు" అని రాసి కుంచె కడుక్కుంటుంటే రాహేలు ఇంకో వాక్యం రాయమంది.

"బెల్టుకు కుట్లు వేయబడవు."

"ఏం చెయ్యమో బోర్డు మీద ఎవరు రాసుకుంటారే?" అన్నాడు స్టీఫెన్.

"మనం రాసుకుంటాం."

రాశాడు. బెల్టు గురించి అడగడానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆ వాక్యం చదివి ఎందుకో కనుక్కుందామని లోపలికొచ్చినవాళ్లే.

లాకుల్లోంచి ఆమె ఏమేమి తీసిందో చెబితే నవ్వొస్తుంది. వేరుశనగ పొట్టు, పెన్ను మూత, పాలపన్ను, ఒకసారి పోయిందనుకుని ఇంటిల్లిపాదీ వెతికిన ముక్కుపుడక. బెల్టు పెట్టుకోకుండానే బీప్ శబ్దం ఆపే ఉత్త క్లిప్పు కావాలని వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో ఆమె పోట్లాడదు. ఎందుకు వద్దనిపిస్తోందని అడుగుతుంది. మెడకు ఒరుసుకుంటోందంటే పైకొక్కెం ఎత్తు తగ్గిస్తుంది. బిగుసుకుపోతోందంటే మెలిక తీస్తుంది. చాలామందికి క్లిప్పు అవసరం ఉండదు.

బ్లెస్సీ అనే టీచరమ్మ ఎనిమిదో నెలలో ఉండగా వచ్చి, కడుపుకు ఒత్తిడని బెల్టు మానేశానంది. రాహేలు ఆమెను సీట్లో కూర్చోబెట్టి కింది పట్టీ కడుపు కిందుగా, తుంటి ఎముకల మీదికి సర్దింది. పైపట్టీ రొమ్ముల మధ్యనుంచి పక్కకు వచ్చేట్టు పెట్టింది. "ఇప్పుడు ఇద్దరికీ బెల్టు పెట్టినట్టే," అంది. పాప పుట్టిన రెండో నెలలో బ్లెస్సీ వచ్చి పాపను రాహేలు ఒళ్లో పెట్టి, పిల్లల సీటు ఎలా బిగించాలో నేర్చుకుని వెళ్లింది.

మొన్న జనవరిలో అరుంధతి ఫోన్ చేసింది. ఆమె రిటైరయ్యే ముందు విద్యార్థులతో చివరిసారి అడవికి వెళ్తోంది. రెండు వ్యాన్లు మాట్లాడింది. ముందు రోజే వాటిని క్యాంపస్‌కు రప్పించింది.

రాహేలు ఎక్కి చూస్తే ఇరవై నాలుగు సీట్లలో పదమూడింటి బెల్టులు పనికిరాకుండా ఉన్నాయి. కొన్ని సీట్ల కింద నలిగి ఉన్నాయి, కొన్ని లాకుల్లో చిప్స్ ముక్కలు. వ్యాను డ్రైవరు రఘువీర్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"గివి ఎవరు పెట్టుకుంటరమ్మా? పిల్లలు లొల్లి చేసుకుంట కూసుంటరు."

"పెట్టుకోవడానికి వస్తే పెట్టుకుంటారు నాయనా. ముందు వచ్చేట్టు చేద్దాం."

కొందరు విద్యార్థులు బట్టల క్లిప్పులు తెచ్చారు. ఇంకొందరు హాస్టల్ నుంచి గోరువెచ్చని నీళ్లు మోసుకొచ్చారు. చెట్టునీడలో రెండు వ్యాన్ల తలుపులూ బార్లా తీసి, ఒక్కో కిటికీనుంచి తడి బెల్టులు బయటికి వేలాడదీశారు. ఏసురత్నం కుర్చీలో కూర్చుని బోల్టులు ఎవరెవరు ఎలా బిగిస్తున్నారో చూస్తూ కేకలేశాడు. ఒక్క రీలు మాత్రం ఎంత గుంజినా లాక్ పడలేదు. రాహేలు ఎవరూ కూర్చోకుండా ఆ సీటుకు అడ్డంగా తాడు కట్టి, అందులో మొక్కలు నొక్కే చెక్కలు, పేపర్ల కట్టలు పెట్టించింది. సాయంత్రానికి రఘువీర్ తనే ఒక్కో సీట్లో కూర్చుని గుంజి చూసుకుంటున్నాడు.

"మంచిగ పట్టుకుంటున్నదమ్మా," అన్నాడు. "నా సీటుది గూడ ఒకసారి చూడరాదు?"

పని ముగించి చేతులు కడుక్కుంటుంటే అరుంధతి వచ్చింది.

"రేపు మీరూ రావాలి రాహేలూ. స్టీఫెన్ గారిని కూడా తీసుకురండి."

"నేనెందుకు మేడమ్? పని అయిపోయిందిగా."

"అందుకే."

మర్నాడు పొద్దున ఆరింటికి వ్యాన్లు బయల్దేరాయి. రాహేలు కిటికీ పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో కొన్ని వందల బండ్లు ఎక్కి ఉంటుంది గాని, అన్నిట్లోనూ నడుం వంచి సీటు కిందికే చూసింది. ఇప్పుడు చేతిలో పానా లేదు, సూది లేదు. ఏం చెయ్యాలో తోచక మొదట కాసేపు పక్కవాళ్ల బెల్టులు సర్దింది. ఊరు దాటాక అది కూడా మర్చిపోయి బయటికి చూడసాగింది. మంచు విడుతున్న చేలు, ఎండ తగిలి మెరిసే చెరువు, రోడ్డు పక్కన సైకిళ్ల మీద బడికి పోతున్న ఆడపిల్లలు.

స్టీఫెన్ గొంతు సవరించుకుని ఒక పాట ఎత్తుకున్నాడు. మాటలు ఎవరికీ సరిగ్గా రాలేదు, అయినా వ్యానంతా చప్పట్లు కొట్టింది. అనంతగిరి అడవిలో దిగాక పులిహోర పొట్లాలు విప్పారు. రాహేలు రెండు పొట్లాలు తిని, మూడోది స్టీఫెన్‌తో పంచుకుంది. తర్వాత అరుంధతి చెయ్యి పట్టుకుని వాగు ఒడ్డుకు దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకుని, చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టింది.

"ఈ గడ్డి పేరేంటి మేడమ్?" అని అడిగింది, రాయి సందులోంచి మొలిచిన ఒక పచ్చటి పోచను చూపించి.

అరుంధతి కళ్లద్దాలు పెట్టుకుని దాని పక్కన గొంతుక్కూర్చుంది. "కూర్చో," అంది, మొదటిసారి 'మీరు' వదిలేసి. "ఇది చెప్పాలంటే కాస్త టైం పడుతుంది."